ఫోన్లో ఆట, నోట్సులో లెక్క

లెక్కల గేముల్లో రెండు రకాలున్నాయి. మొదటి రకంలో ఆట దారి ఆటది, లెక్క దారి లెక్కది. తెర మీద కారు దూసుకుపోతుంటుంది. ఉన్నట్టుండి ఆగి, ఏడెనిమిదులెంత అని అడుగుతుంది. జవాబు నొక్కితే మళ్లీ పరుగు. పిల్లవాడికి కావలసింది కారు, మధ్యలో అడ్డుపడింది లెక్క. చేదు మాత్రకు బెల్లం పూసిన వ్యవహారం ఇది; బెల్లం చప్పరించి మాత్ర ఉమ్మేయడం ఏ పిల్లవాడికీ ఎవరూ నేర్పనక్కర్లేదు. రెండో రకంలో లెక్క చేయడమే ఆట. ఎత్తు వేయాలంటే లెక్క వేయాలి, లెక్క తప్పితే ఎత్తు తప్పుతుంది.

ఈ తేడా ఎంతటిదో ఇంగ్లండు పరిశోధకులు జేకబ్ హాబ్‌గుడ్, షారన్ ఐన్స్‌వర్త్ 2011లో ప్రచురించిన అధ్యయనంలో బయటపడింది. వాళ్ల ఆట పేరు 'జాంబీ డివిజన్'. ఎదురుగా అస్థిపంజరాలు వస్తాయి, ఒక్కోదాని ఛాతీ మీద ఒక సంఖ్య ఉంటుంది. ఆటగాడి దగ్గరున్న ఒక్కో ఆయుధం ఒక్కో భాజకం. సంఖ్యను నిశ్శేషంగా భాగించే ఆయుధంతో కొడితేనే అస్థిపంజరం విరిగిపడుతుంది. అదే ఆటను ఇంకో రకంగానూ తయారుచేశారు: పోరాటంలో సంఖ్యలుండవు, స్థాయికీ స్థాయికీ మధ్య భాగహారం ప్రశ్నలు వస్తాయి. రెండింటికీ సమానంగా సమయమిస్తే మొదటిది ఆడిన పిల్లలే ఎక్కువ నేర్చుకున్నారు. ఇష్టమైనది ఆడుకోమంటే మొదటిదాని మీద ఏడు రెట్లకు పైగా సమయం గడిపారు.

కాబట్టి ఆటను ఫోనులోకి ఎక్కించుకునే ముందు పెద్దలు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. లెక్కను తీసేస్తే ఆట మిగులుతుందా? మిగిలితే అది మొదటి రకం. మొదటి రకాన్ని పూర్తిగా పారేయనక్కర్లేదు. ఎక్కాలు, చిన్న కూడికలు నోటికి రావడానికి అది చాలు. 'టక్స్ మ్యాథ్' అనే ఉచిత ఆటలో ఆకాశం నుంచి తోకచుక్కలు లెక్కలు మోసుకుంటూ పడతాయి, కింద ఊరి మీద పడకముందే జవాబు టైపు చేయాలి. పాత కంప్యూటరున్నా, ఇంటర్నెట్ లేకపోయినా అది నడుస్తుంది. ఎక్కాలకు అంతకు మించిన హంగు అవసరం లేదు. భిన్నాలు, సమీకరణాలు, ఘాతాంకాలు అర్థం కావాలంటే మాత్రం రెండో రకమే గతి.

ఒడ్డున వచ్చే లెక్క, బడిలో రాని లెక్క

వంశధార సముద్రంలో కలిసే చోట, శ్రీకాకుళం జిల్లా గార మండలంలో ఉంది కళింగపట్నం. ఒకప్పుడు పేరున్న రేవు. ఇప్పుడు దీపస్తంభం, ఇసుక తీరం, వేట పడవలు. ఇలాంటి ఊళ్లో లెక్క రాని పిల్లలు తక్కువ, లెక్క రాయలేని పిల్లలు ఎక్కువ. కిలో 180 చొప్పున కిలోంబావు చేపకు ఎంతివ్వాలో ఒడ్డున నిలబడి క్షణంలో చెప్పే పిల్లవాడికి, అదే లెక్క నల్లబల్ల మీద 180 × 1.25 అని కనిపిస్తే నోట మాట రాదు.

ఇది కళింగపట్నానికి మాత్రమే ఉన్న తంటా కాదు. అర్థశాస్త్రవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డూఫ్లో, వారి సహచరులు 2025 ఫిబ్రవరిలో 'నేచర్' పత్రికలో ప్రచురించిన పరిశోధన సరిగ్గా దీన్నే చూపించింది. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లలను పరీక్షిస్తే, కాగితం లేకుండా కొనుగోలు లెక్కలు చకచకా చేసినవాళ్లలో చాలామంది అంతకన్నా తేలికైన బడి లెక్కల దగ్గర ఆగిపోయారు. బజారు పనికి వెళ్లని బడి పిల్లల సంగతి తలకిందులు: పుస్తకంలో లెక్క వస్తుంది, అంగట్లో రాదు. అంటే ఒక చోట వచ్చిన లెక్క తనంతట తాను ఇంకో చోటికి నడిచి రాదు. ఫోన్లో వచ్చిన లెక్కకూ ఇదే వర్తిస్తుంది. ఈ అధ్యాయం మొత్తానికి ఆధారం ఈ ఒక్క మాట.

ఢిల్లీలో ప్రథమ్ సంస్థ బాలవాడీల్లో జరిగిన ఇంకో ప్రయోగం దీన్ని మరింత గట్టిగా చెబుతుంది. 214 బాలవాడీలు, 1,540 మంది పిల్లలు. ఏ గుంపులో చుక్కలు ఎక్కువున్నాయి, వరసలో తేడాగా ఉన్న ఆకారమేది వంటి ఆటలు నాలుగు నెలలు ఆడించారు. సంఖ్యల అంచనా, ఆకారాల పోలిక పిల్లల్లో బాగా మెరుగుపడ్డాయి, ఏడాది దాటినా నిలిచాయి. కాని ఒకటో తరగతిలో చేరాక బడి లెక్కల్లో వాళ్లకు అదనంగా కలిసొచ్చింది లేదు. 2017లో 'సైన్స్' పత్రికలో ఈ ఫలితాన్ని ప్రచురించిన మొయిరా డిల్లన్ బృందం దాన్ని దాచుకోకుండా శీర్షికలోనే చెప్పింది. ఆటలో అంకెలు, గుర్తులు లేవు. బడిలో ఉన్నవన్నీ అంకెలు, గుర్తులే. మధ్య వంతెన ఎవరూ కట్టలేదు.

వంతెన కట్టిన చోట ఫలితం వేరుగా ఉంది. గుజరాత్‌లోని వడోదరలో మున్సిపల్ బడులకు ప్రభుత్వం నాలుగేసి కంప్యూటర్లు ఇచ్చింది. అవి ఊరికే పడి ఉండటం చూసి ప్రథమ్ సంస్థ నాలుగో తరగతి పిల్లలకు లెక్కల ఆటలు తయారుచేసింది. ఇద్దరేసి పిల్లలకు ఒక కంప్యూటరు, వారానికి రెండు గంటలు. ఆటలు తరగతి పాఠాలకు సరిపోయేవి, పక్కన సాయం చేసే మనిషి ఒకరు. రెండో ఏడాది చివరికి లెక్కల మార్కులు 0.47 ప్రామాణిక విచలనం మేర పెరిగాయి. చదువు రంగంలో ఇది చిన్న అంకె కాదు. తరగతిలో సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లవాడు నూటికి 68 మందిని దాటినంత. అయితే కార్యక్రమం ఆగిన ఏడాదికే ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయింది. ఒక వేసవి ఆడించి వదిలేస్తే చాలనుకునేవారు ఈ చివరి సంగతి గుర్తుంచుకోవాలి.

ఎవరికి ఎక్కడ తలుపు మూసుకుంది

లెక్కలు రాకపోవడానికి తెలివి తక్కువ కావడమే కారణమని ఇళ్లలో తేల్చేస్తుంటారు. నిజానికి అడ్డుపడేవి వేరు, ఒక్కో పిల్లవాడికి ఒక్కోటి. ఆట ఎంచుకునేటప్పుడు ఏ అడ్డు తొలగించాలో ముందు తెలియాలి.

అన్నిటికన్నా ఎక్కువమందికి అడ్డయ్యేది వెనకబాటు. ఏడో తరగతి పిల్లవాడికి నాలుగో తరగతి తీసివేత రాకపోవచ్చు. నలభై మందికి ఒకే పాఠం చెప్పే ఉపాధ్యాయుడికి వాడికోసం మూడేళ్లు వెనక్కి వెళ్లే వీలుండదు. పిల్లవాడి స్థాయిని పసిగట్టి అక్కణ్నుంచే ప్రశ్నలిచ్చే సాఫ్ట్‌వేర్ ఇక్కడే పనికొస్తుంది. ఢిల్లీలో 'మైండ్‌స్పార్క్' అనే అలాంటి కార్యక్రమంతో నాలుగున్నర నెలల్లో లెక్కల్లో 0.37 ప్రామాణిక విచలనం మెరుగుదల వచ్చిందని కార్తీక్ మురళీధరన్ బృందం 2019లో ప్రచురించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో కొన్నిటిలో 'పాల్' పేరుతో నడుస్తున్న ట్యాబ్ ల్యాబులు కూడా ఈ పద్ధతివే. వాటి సాఫ్ట్‌వేర్ కన్వేజీనియస్ సంస్థది. 2019లో అర్థశాస్త్ర నోబెల్ పొందినవారిలో ఒకరైన మైకేల్ క్రేమర్ బృందం షికాగో విశ్వవిద్యాలయం నుంచి ఆ పనిని అధ్యయనం చేసింది. బడిలో ఆ ల్యాబు ఉంటే తల్లిదండ్రులు వేరే యాప్ వెతకనక్కర్లేదు. వారంలో ఏ పీరియడ్లు దానికి కేటాయించారో కనుక్కుంటే చాలు. 2022 డిసెంబరు 21 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పంచిన ట్యాబులది వేరే దారి. వాటిలో వచ్చినవి ప్రధానంగా వీడియో పాఠాలు. పాఠం చూడటం, లెక్క చేయడం ఒకటి కావు.

రెండో అడ్డు భాష. రాష్ట్రంలో 2020-21 నుంచి పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు వస్తున్నాయి. యాప్‌లకు ఆ ఎదురు పేజీ ఉండదు. 'కమ్యుటేటివ్ ప్రాపర్టీ' అన్న మాట దగ్గర ఆగిపోయిన పిల్లవాడికి 3 + 5, 5 + 3 ఒకటేనన్న సంగతి ఎప్పుడో తెలుసు. అందుకే మాటలు లేని ఆటలు ఇక్కడి పిల్లలకు మేలు. అమెరికాలో మైండ్ రీసెర్చ్ సంస్థ తయారుచేసిన 'ఎస్‌టీ మ్యాథ్'లో అసలు సూచనలే ఉండవు. జీజీ అనే పెంగ్విన్ ఒక పక్కనుంచి ఇంకో పక్కకు నడవాలి, దారిలో లోపాన్ని పూరిస్తేనే నడుస్తుంది, అంతే. అది డబ్బు కట్టి బడులు తీసుకునే కార్యక్రమం కాబట్టి ఇంటికి అందకపోవచ్చు. ఉచితంగా దొరికే 'జీకాంప్రి'లోనూ బొమ్మ చూసి చేసేసే ఆటలు చాలా ఉన్నాయి, ప్రకటనలు లేవు.

మూడోది భయం. తరగతిలో తప్పు చెబితే నవ్వేవాళ్లుంటారు, ఆటలో తప్పు చేస్తే మళ్లీ మొదలుపెడతారు. పరీక్షలో ఒక తప్పుకు మార్కు పోతుంది, ఆటలో పది తప్పుల తర్వాత గెలిచినా గెలుపే. ఆటల వల్ల జరిగే అసలు మేలు బహుశా ఇదే. కాని గడియారం టిక్కుటిక్కుమంటూ తరిమే ఆట ఈ మేలును చెడగొడుతుంది. లెక్కలంటే వణికే పిల్లలకు సమయ పరిమితి లేని ఆటే పెట్టాలి. చాలా యాప్‌లలో దాన్ని సెట్టింగుల్లో ఆపేయవచ్చు.

కొందరికి అడ్డు శరీరంలోనే ఉంటుంది. ఎంత చెప్పినా 6, 9లలో ఏది పెద్దదో ఆలోచించాల్సి వచ్చే పిల్లలున్నారు. దీన్ని డిస్కాల్‌క్యూలియా అంటారు. ఇది బద్ధకం కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన అభ్యసన వైకల్యాల్లో ఒకటి. ఇలాంటి పిల్లల కోసమే ఫ్రాన్సులో ఆనా విల్సన్, స్టానిస్లాస్ డెహేన్ 'నంబర్ రేస్' అనే ఉచిత ఆట తయారుచేశారు. రెండు కుప్పల్లో పెద్దదాన్ని ఎంచుకుని, అన్ని గళ్లు ముందుకు నడవాలి. కుప్పల మధ్య తేడా పిల్లవాడిని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. చూపు లేని పిల్లల విషయంలో మాత్రం మార్కెట్లో ఉన్న ఆటల్లో ఎక్కువ భాగం నిరాశే మిగిలిస్తాయి. ఆట పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి పెద్దలు ఫోనులో తెర మీది మాటలు చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టి, కళ్లు మూసుకుని ఒక స్థాయి ఆడి చూడాలి. బటన్ల పేర్లు చదవకుండా 'బటన్, బటన్' అంటుంటే ఆ ఆట వదిలేయాలి. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా మీదే నడిచే ఆటలు వర్ణాంధత్వం ఉన్న పిల్లలకు కష్టం.

పాఠానికో ఆట

ఘాతాంకాల అధ్యాయానికి '2048'ను మించిన ఆట దొరకడం కష్టం. 2014 మార్చిలో ఇటలీకి చెందిన గాబ్రియేలే చిరుల్లి అనే పందొమ్మిదేళ్ల కుర్రాడు తయారుచేసి ఉచితంగా వదిలిపెట్టాడు. నాలుగు వరసలు, నాలుగు నిలువులు, పదహారు గళ్లు. ఒకే సంఖ్య ఉన్న రెండు బిళ్లలు ఢీకొంటే కలిసి ఒక్కటవుతాయి: 2, 2 కలిస్తే 4; 4, 4 కలిస్తే 8. అలా 2048 బిళ్ల చేయాలి.

ఎనిమిదో తరగతి ఉపాధ్యాయులకు బాగా పరిచయమైన తప్పు ఒకటుంది: 2⁵ + 2⁵ = 2¹⁰ అని రాయడం. ఆటలో 32, 32 కలిస్తే 64 వస్తుంది, 1024 రాదు. 64 అంటే 2⁶. ఆడిన ప్రతిసారీ కళ్లముందు జరిగే ఈ సంగతిని నోట్సులో 2⁵ + 2⁵ = 2 × 2⁵ = 2⁶ అని రాయించాలి. రెండు బిళ్లలు ఒకటయ్యాయంటే ఘాతాంకం ఒక్కటే పెరిగిందని పిల్లవాడే చెబుతాడు. ఆ తర్వాత 2048 ఎన్నో మెట్టు అని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి 11 అంటాడు.

ఇంకాస్త ముందుకెళ్లాలనుకునే పెద్ద పిల్లలకు అదే ఆటలో సగటు పాఠం దాగుంది. ప్రతి ఎత్తుకూ బల్ల మీద ఒక కొత్త బిళ్ల పుడుతుంది. పదింట తొమ్మిదిసార్లు అది 2, ఒకసారి 4. బిళ్లలు కలిసినంత మాత్రాన మొత్తం మారదు, కొత్త బిళ్ల వస్తేనే పెరుగుతుంది. అంటే ఎత్తుకు సగటున (9 × 2 + 1 × 4) ÷ 10 = 2.2 చొప్పున బల్ల మొత్తం పెరుగుతుంది. 2048 చేరాలంటే సుమారు 2048 ÷ 2.2, అంటే 930 ఎత్తులైనా వేయాలి. ఆట మధ్యలో ఆపి బల్ల మీది బిళ్లలన్నీ కూడితే ఇప్పటికి ఎన్ని ఎత్తులు వేశామో అంచనా కట్టవచ్చు.

సమీకరణాలకు 2012లో నార్వేలో వచ్చిన 'డ్రాగన్‌బాక్స్' పేరు మోగింది. తెర రెండు సగాలు. ఒక సగంలో ఎక్కడో ఒక పెట్టె ఉంటుంది. దాన్ని ఒంటరిగా మిగిల్చితే గెలుపు. పెట్టె పక్కనున్న కార్డును తీసేయాలంటే దాని చీకటి రూపాన్ని తెచ్చి మీద వేయాలి. అయితే అదే కార్డును అవతలి సగంలోనూ వేయాలి, లేకపోతే ఆట కదలదు. మొదటి స్థాయిల్లో అంకె ఒక్కటీ కనిపించదు. పోనుపోను బొమ్మల స్థానంలో అంకెలు, పెట్టె స్థానంలో 'ఎక్స్' వచ్చి కూర్చుంటాయి. అప్పటికి పిల్లవాడు తనకు తెలియకుండానే బీజగణితం చేస్తుంటాడు.

ఆ ఆట ఇప్పుడు డబ్బు కడితేనే దొరుకుతుంది. కాని దాని కీలకం అగ్గిపెట్టెలో పడుతుంది. అరుగు మీద సుద్దతో నిలువుగా ఒక గీత గీసి, ఎడమ పక్క ఖాళీ అగ్గిపెట్టెలో ఎవరూ చూడకుండా ఐదు చింతపిక్కలు పెట్టి మూసేయాలి. పెట్టె పక్కన మూడు పిక్కలు, గీతకు కుడిపక్క ఎనిమిది. రెండు పక్కలా సమానమని ముందే చెప్పాలి. ఇక్కడ ఎన్ని తీస్తే అక్కడా అన్నే తీయాలన్న ఒకే నిబంధన మీద పిల్లవాడు పెట్టెలో ఎన్నున్నాయో చెప్పాలి. తెరిచి చూసుకుని సరిపోయిందని మురిసిపోయాక, పెట్టె + 3 = 8 అని రాయించాలి. రెండు అగ్గిపెట్టెలు పెడితే తర్వాతి పాఠం మొదలవుతుంది.

దశాంశాలకు ఇంట్లో ఉన్న క్రికెట్ గేమే చాలు. 12.3 ఓవర్లలో 91 పరుగులు వచ్చాయనుకుంటే, కాలిక్యులేటరులో 91 ÷ 12.3 కొడితే 7.40 వస్తుంది. తెర మీద రన్‌రేటు మాత్రం 7.28 అని ఉంటుంది. గేము తప్పా, కాలిక్యులేటరు తప్పా అని పిల్లవాణ్ని కాసేపు తంటాలు పడనివ్వాలి. 12.3 అంటే పన్నెండు ఓవర్ల మూడు బంతులు. ఓవరుకు ఆరు బంతులు కాబట్టి అది పన్నెండున్నర, 12.5. చుక్క కనిపించిన ప్రతిచోటా దశాంశం ఉండదన్న సంగతి ఇంత సూటిగా చెప్పే పాఠ్యపుస్తకం లేదు. ఇక ఇరవై ఓవర్ల ఆటలో 161 లక్ష్యమైతే మిగిలిన 45 బంతుల్లో 70 పరుగులు కొట్టాలి. ఓవరుకు ఎంత అన్నది అనుపాతం అధ్యాయం.

నిరూపకాలు వచ్చేసరికి పిల్లలు గేము ఆడటం కన్నా తయారుచేయడం మంచిది. ఎంఐటీ 2007లో విడుదల చేసిన 'స్క్రాచ్' అందుకు సరిపోతుంది, ఉచితం. దాని తెరకు నడిమధ్య సున్నా, సున్నా. అడ్డంగా -240 నుంచి 240 వరకు, నిలువుగా -180 నుంచి 180 వరకు. వంశధార మొగ దగ్గర పడవను (-200, -100) వద్ద, దీపస్తంభాన్ని (150, 80) వద్ద పెట్టి పడవను స్తంభం దాకా నడిపించే గేము చేయమంటే, కుడికి 350, పైకి 180 జరగాలని పిల్లలే తేల్చుకుంటారు. ఎదురుగాలి అడుగుకు 5 చొప్పున వెనక్కి నెట్టాలంటే -5 కలపాలి. ఋణసంఖ్యను కూడటం అంటే ఏమిటో అక్కడ పడవే చూపిస్తుంది. పెద్ద పడవల్లో జీపీఎస్ వాడే ఇళ్లలో ఈ పాఠానికి ఇంకో ఉదాహరణ సిద్ధంగా ఉంటుంది. కళింగపట్నం సుమారు 18 డిగ్రీల 20 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్షాంశంలో ఒక నిమిషం దాదాపు 1.852 కిలోమీటర్లు. పడవ నేరుగా దక్షిణానికి 18 డిగ్రీల 15 నిమిషాల దాకా వెళ్లిందంటే ఎంత దూరం వెళ్లినట్టో ఐదో తరగతి గుణకారం చెబుతుంది.

ఫోను కన్నా నేలే మెరుగైన చోటు

చిన్నపిల్లల దగ్గర తెరను కాస్త పక్కన పెట్టాలి. అమెరికాలో గీత రమణి, రాబర్ట్ సీగ్లర్ 2008లో ప్రచురించిన పరిశోధనలో పేద కుటుంబాల బాలవాడీ పిల్లలకు 1 నుంచి 10 దాకా అంకెలు వరసగా రాసిన ఒక అట్ట ఇచ్చి ఆడించారు. రెండు వారాల్లో నాలుగుసార్లు, పావుగంట చొప్పున. సంఖ్యల మీద వాళ్ల పట్టు స్పష్టంగా పెరిగింది, తొమ్మిది వారాల తర్వాతా నిలిచింది. అంకెలకు బదులు రంగులు వేసిన అట్టతో ఆడినవాళ్లకు అలా జరగలేదు. ఇందులో కీలకమైన చిన్న సంగతి: పిల్లవాడు 4వ గడిలో ఉండి 2 పడితే 'ఒకటి, రెండు' అనకూడదు, 'ఐదు, ఆరు' అనాలి. లెక్క తానున్న చోటు నుంచే సాగాలి.

ఇప్పుడు ఫోన్లో లూడోను చూడాలి. పాచిక నొక్కితే దానంతట అది దొర్లుతుంది, కాయను తాకితే దానంతట అదే గళ్లు నడుస్తుంది. నేర్పే పనిని ఫోను లాగేసుకుంది. అదే ఆటను గచ్చు మీద సుద్దగీతలతో, గవ్వలతో అష్టా చెమ్మాగా ఆడితే పిల్లవాడే లెక్కపెట్టుకుంటూ కాయను నడపాలి. గవ్వల్లో సంభావ్యత పాఠం అదనం. నాలుగు గవ్వలు 16 రకాలుగా పడవచ్చు. బోర్లా, వెల్లకిలా సమానంగా పడతాయనుకుంటే అందులో 6 రకాలు రెండు, 4 రకాలు ఒకటి, 4 రకాలు మూడు, చెమ్మా ఒక్కటి, అష్టా ఒక్కటి. నిజం గవ్వ ఒక పక్కకే ఎక్కువ పడుతుంది. వందసార్లు వేసి గీతలు గీసి లెక్కపెడితే ఎంత ఎక్కువో తెలుస్తుంది. వైకుంఠపాళి కూడా ఫోన్లో కన్నా అట్ట మీదే ఆడాలి.

ఎంతసేపు, ఎలా, ఏది వద్దు

'మా గుంటడు ఫోను ఒగ్గడం నేదు' అని మొరపెట్టుకునే ఇంట్లో లెక్కల ఆట పేరుతో మరో గంట ఇవ్వడం ఎవరికీ రుచించదు. అవసరమూ లేదు. వడోదరలో ఇచ్చింది వారానికి రెండు గంటలు. రోజుకు ఇరవై నిమిషాల చొప్పున ఆరు రోజులకు అంతే అవుతుంది. ఇంట్లో ఒకే ఫోనుంటే ఇద్దరు పిల్లలు కలిసి ఆడటం లోటు కాదు, లాభమే: ఎత్తు ఎందుకు వేశావని పక్కవాడు అడిగితే లెక్క పైకి చెప్పాల్సి వస్తుంది. ఆట ఒకసారి దింపుకున్నాక ఫ్లైట్ మోడ్ పెడితే చాలా గేముల్లో ప్రకటనలు రావు, డేటా ఖర్చవదు, పక్క యాప్‌లోకి జారిపోవడం తగ్గుతుంది. ఇంటర్నెట్ లేకపోతే తెరుచుకోని ఆటను మొదట్లోనే పక్కన పెట్టడం మంచిది.

డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్ యాప్‌లు లెక్కకు పదును పెడతాయన్న ప్రచారాన్ని నమ్మకూడదు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే వాటిని నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు వాటిని దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. పిల్లల ఆటల్లోనూ పెట్టె తెరిస్తే ఏదో బహుమతి అంటూ డబ్బు అడిగేవి ఉన్నాయి. తండ్రి ఫోనులో యూపీఐ ఉంటే ఆటలు మొదలుపెట్టకముందే యాప్ స్టోరులో కొనుగోళ్లకు తాళం వేయాలి.

ఇక నోట్సు. ఆట ముగిశాక ఐదు నిమిషాలు చాలు. ఆటలో జరిగిన ఒక్క ఎత్తును పిల్లవాడు బొమ్మ వేసి చూపించాలి, దాని పక్కనే అంకెల్లో రాయాలి, ఆ తర్వాత అంకెలు మార్చి తానే ఒక లెక్క కట్టాలి. బొమ్మ, అంకెలు, సొంత లెక్క: ఈ వరస తప్పకూడదు. మొదటి రెండూ చేసి మూడోదాని దగ్గర ఆగిపోతే ఆట వచ్చింది గాని పాఠం ఇంకా రాలేదని అర్థం, ఇంకో రెండు రోజులు అదే స్థాయి ఆడించాలి. రెండు వారాలైనా నోట్సులో కదలిక లేకపోతే ఆ ఆట ఆ పిల్లవాడికి పనికిరాదు. స్కోరు ఎంత పెరిగిందన్నది ఇందులో లెక్కలోకి రాదు. చదువు రాని నాయనమ్మ కూడా ఈ పని చేయించగలదు. ఆమె అడగవలసింది ఒక్కటే, 'ఏటి సేసినావో సెప్పు' అని. చెప్పలేకపోతే పిల్లవాడికే తెలిసిపోతుంది.

మొదలుపెట్టడానికి తీరప్రాంత ఇళ్లకు మంచి సమయం వేసవి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేటకు నిషేధం. బడి సెలవులు చాలావరకు ఆ రోజుల్లోనే వస్తాయి, మిగతా కాలంలో తెల్లవారుజామునే కడలి మీదికి వెళ్లే తండ్రి అప్పుడు ఇంటిపట్టున ఉంటాడు. పిల్లవాడి స్థాయి తెలుసుకోవడానికి మొదటి వారం, ఒక్కో అధ్యాయానికి రెండేసి వారాల చొప్పున మూడు అధ్యాయాలు, ఆడినవన్నీ నోట్సులో మళ్లీ చూసుకోవడానికి చివరి రోజులు కేటాయిస్తే సరిపోతుంది. బడి తెరిచిన రోజున ఆ నోట్సు లెక్కల మాష్టారి చేతిలో పెట్టాలి. పిల్లవాడు ఎక్కడ ఆగిపోతున్నాడో మొదటి యూనిట్ పరీక్ష కన్నా ముందే ఆయనకు దాంట్లో కనిపిస్తుంది.